గరాజ్‌కి ఎపాక్సీ ఫ్లేక్ ఫ్లోరింగ్: ముగ్గురు ధరలు చెప్పారు, పని ఎవరికి ఇవ్వాలి?

రెండుకార్లగరాజ్ (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. మా ఇల్లు 2016లో కట్టింది. గరాజ్ 440 చదరపు అడుగులు. నేలంతా నూనె మరకలు, సన్న బీటలు. ఊడ్చిన గంటకే మళ్లీ సిమెంటు దుమ్ము తేలుతోంది. రంగు ఫ్లేక్స్ (సన్న రంగు పలుకులు) చల్లి పైన క్లియర్ పూత వేసే ఎపాక్సీ (గట్టిపడే రెసిన్) ఫ్లోరింగ్ చేయిద్దామని ముగ్గుర్ని పిలిచి అడిగాం.

మొదటివాళ్లు 1,900 డాలర్లు చెప్పారు. యాసిడ్‌తో కడిగి, ఒక కోటు ఎపాక్సీ, అక్కడక్కడా ఫ్లేక్స్, పైన క్లియర్. రెండోవాళ్లు 3,100. డైమండ్ గ్రైండింగ్ (వజ్రపు పళ్ల యంత్రంతో నేలని గీకడం), ఎపాక్సీ బేస్, నేల కనపడకుండా నిండా ఫ్లేక్స్, పైన పాలీఆస్పార్టిక్ అనే క్లియర్ పూత, రెండు రోజుల పని. మూడోవాళ్లు 4,200. అంతా పాలీయూరియా అనే త్వరగా గట్టిపడే పూతే, పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి అయిపోతుందట, జీవితకాల వారంటీ అట. ఈరోజే సంతకం పెడితే 600 తగ్గిస్తామని గంటసేపు కూర్చున్నారు.

ఇంకో సంగతి. వాటర్ హీటర్ పక్క మూలలో గోడ వెంబడి తెల్లటి పొడి కడుతోంది. తుడిస్తే పోతుంది, నెలకి మళ్లీ వస్తుంది. ముగ్గురిలో ఒక్కరూ దాని గురించి మాట్లాడలేదు. ఇది పట్టించుకోవాల్సిన విషయమేనా?

రెండు కార్లు, ఒక ఫ్రిజ్, బియ్యం బస్తాలు, పండగలకి పిండివంటల స్టవ్, అన్నీ అక్కడే. చేయించుకున్నవాళ్లు చెప్పండి.

గోదారిగట్టు (ఇర్వింగ్, టెక్సస్)

మధ్యవాళ్లకే ఇవ్వండి. యాసిడ్ అన్నవాళ్లని అక్కడే వదిలేయండి. మా వీధిలో అలా చేయించిన గరాజ్‌లో టైర్లు నిలబడేచోట నాలుగు చోట్లా పొర లేచింది.

కాంక్రీట్‌కబుర్లు (హ్యూస్టన్, టెక్సస్)

నేను పారిశ్రామిక పూతల రంగంలో టెక్నికల్ సర్వీస్‌లో ఉన్నాను. ఫ్లోరింగ్ లేచిపోయిందని ఫిర్యాదు వస్తే వెళ్లి చూడటం నా ఉద్యోగం. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

రంగు, వారంటీ, ఎన్ని రోజుల పని అనేవి ముందు పక్కన పెట్టండి. కాంక్రీట్ పైపొరని ఏం చేస్తారో అడగండి. స్లాబ్ పోసి తాపీతో నున్నగా లాగినప్పుడు సిమెంటు పాలు పైకి తేలి పలచటి బలహీనమైన పొరగా గట్టిపడతాయి. ఎంత ఖరీదైన ఎపాక్సీ అయినా ఆ పొరని పట్టుకుంటే దానితో పాటే ఊడి వస్తుంది. హైవే మీద నుంచి వచ్చిన టైరు వేడిగా ఉంటుంది. నిలబడ్డాక చల్లారుతూ ముడుచుకుంటుంది, ముడుచుకుంటూ కింద పూతని లాగుతుంది. పట్టు సరిగ్గా లేని నేల ముందు లేచేది అందుకే టైర్ల కిందే.

గ్రైండింగ్ ఆ పొరని తీసేసి నేలని గరుకు చేస్తుంది. యాసిడ్ కూడా కొంత తింటుంది కానీ నూనె పీల్చుకున్న చోట, పాత సీలర్ (కాంక్రీట్ పీల్చకుండా వేసే పూత) ఉన్న చోట దాని పని జరగదు. పైగా నేలంతా నీళ్లతో తడపాలి, మిగిలిన లవణాలు పోయేదాకా కడగాలి. అంత ఓపికగా కడిగేవాళ్లు అరుదు. గరుకుదనానికి ఐసీఆర్‌ఐ అనే కాంక్రీట్ మరమ్మతుల సంస్థ 10 నమూనా పలకలు చేసింది, సీఎస్‌పీ (కాంక్రీట్ గరుకు స్థాయి) 1 నుంచి సీఎస్‌పీ 10 దాకా. గరాజ్ ఫ్లేక్ పనికి సాధారణంగా 2 లేదా 3 చాలు. ‘ఏ సీఎస్‌పీకి తీసుకొస్తారు?’ అని ఫోన్‌లోనే అడగండి. జవాబు చెప్పలేనివాళ్లు చేతికింద పనివాళ్లకి ఏం చెప్తారు?

అంచుల సంగతి కూడా అడగండి. పెద్ద గ్రైండర్ గోడ దాకా పోదు. గోడ వెంబడి, మూలల్లో చేతి గ్రైండర్‌తో మోకాళ్ల మీద కూర్చుని చేయాలి. త్వరగా ముగించాలనుకునేవాళ్లు వదిలేసేది అక్కడే.

ఇక మీ తెల్లపొడి. పట్టించుకోవాల్సిందే, మీ పోస్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. కింద నుంచో పక్క నుంచో తడి కాంక్రీట్ గుండా పైకి వస్తూ లవణాలని మోసుకొస్తోంది. నీరు ఆవిరై లవణం మిగులుతోంది. పైన పూత వేస్తే ఆ తడికి దారి మూసుకుపోయి పొరని కిందినుంచి తోస్తుంది. 18 అంగుళాల చదరం ప్లాస్టిక్ షీటు తీసుకుని ఆ మూలలో ఒకటి, గరాజ్ మధ్యలో ఒకటి, నాలుగు వైపులా టేపు వేసి 16 గంటలు వదిలేయండి. ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం డి4263 అని పేరుపెట్టిన పరీక్ష ఇదే. తీసినప్పుడు షీటు కింద చెమ్మ ఉన్నా, కాంక్రీట్ నల్లబడినా తడి ఉన్నట్టు. ఏమీ కనపడకపోతే మాత్రం అంతా బాగున్నట్టని అనుకోకండి, ఆ రోజుకి బయటపడలేదని మాత్రమే. కాంట్రాక్టర్ మీటరు పెట్టి చూడాలి, అనుమానంగా ఉంటే నేల నుంచి ఎంత తేమ వస్తోందో తూచే కాల్షియం క్లోరైడ్ పరీక్ష చేయాలి. 24 గంటల్లో 1,000 చదరపు అడుగులకి 3 పౌండ్ల తేమ, చాలా ఎపాక్సీలకి అదే హద్దు.

చివరిగా ఒకటి. డల్లాస్ చుట్టుపక్కల నేల ఉబ్బే బంకమట్టి, అందుకని పోస్ట్ టెన్షన్ స్లాబ్‌లు ఎక్కువ. లోపల ఉక్కు తీగలు బిగించి ఉంటాయి. గరాజ్ తలుపు దగ్గర నేలమీద ముద్ర ఉందేమో చూడండి. ఉంటే గ్రైండింగ్‌కి అభ్యంతరం లేదు, అది పైన వెంట్రుకవాసి మాత్రమే తీస్తుంది. కొయ్యడం, డ్రిల్ చేయడం మాత్రం తీగలెక్కడున్నాయో స్కాన్ చేయకుండా ఒప్పుకోకండి. తేమ కొలవడానికి రంధ్రం చేసే పద్ధతి ఒకటి ఉంది, దానికీ ఇదే మాట.

రెండుకార్లగరాజ్

ధన్యవాదాలండి. చూశాను, తలుపు పక్కన ‘పోస్ట్ టెన్షన్ స్లాబ్, కొయ్యరాదు’ అని ముద్ర ఉంది. ఇన్నేళ్లుగా దానిమీదే చెప్పుల స్టాండు. ప్లాస్టిక్ షీట్లు ఈ శనివారం అంటిస్తాను.

అత్తిలమ్మాయి (ఎడిసన్, న్యూజెర్సీ)

మాది రెండేళ్ల కిందటి పని. కంపెనీ పేరు రాయను. ఇంటికొచ్చి చాలా మర్యాదగా మాట్లాడారు, 15 ఏళ్ల వారంటీ కాగితం ఇచ్చారు. మొదటి చలికాలం గడిచేసరికి కారు ముందు టైర్ల కింద పళ్లెం అంత ముక్కలు లేచాయి. మంచు రోజుల్లో రోడ్డుమీద ఉప్పు టైర్లకి పట్టుకొచ్చి అక్కడే కరుగుతుంది కదా, ఆ నీళ్లు పొర కిందికి వెళ్లి ఇంకా విస్తరించింది.

వారంటీ అడిగితే చిన్న అక్షరాల్లో ఉన్నది చూపించారు: కింద నుంచి వచ్చే తేమ వల్ల జరిగే నష్టానికి వర్తించదు. తేమ పరీక్ష చేశారా అంటే చేయలేదు. చేయనప్పుడు తేమ వల్లే లేచిందని ఎలా చెప్తున్నారంటే సమాధానం లేదు. కాంట్రాక్ట్‌లో ‘సర్‌ఫేస్ ప్రిపరేషన్’ అని రెండు మాటలున్నాయి, అంతే. గ్రైండింగ్ అని లేదు. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను, మా అత్తగారు ఇంట్లో ఉన్నారు. ‘చప్పుడేమీ రాలేదమ్మా, నీళ్లు కొట్టి కడిగారు’ అన్నారు. వేసేవాళ్లని ఎంచుకునేముందు ఆ కాగితంలో ప్రతి మాటా చదవండి, దయచేసి.

పాశమైలారం_సైట్ (సంగారెడ్డి)

అక్కా, లేచిన ముక్క ఒకటి దాచిపెట్టిన్రా? ఉంటే బోర్లించి కింది దిక్కు చూడుండ్రి. నేను ఫార్మా యూనిట్లల్ల ఎపాక్సీ, పీయూ (పాలీయూరిథేన్) ఫ్లోరింగ్ పనులు చూస్త. ఎక్కడ ఫెయిలయిందో ముక్కే చెప్తది.

కింది దిక్కు బూడిదరంగుల సిమెంటు పొర సన్నగ అంటుకొని ఉంటే, పూత మంచిగనే పట్టుకున్నది, పైన ఉన్న బలంలేని కాంక్రీట్ తెగింది. అంటే గ్రైండింగ్ సాల్లే, లేకుంటే చెయ్యనే లేదు. ముక్క కింద నున్నగ, శుభ్రంగ, అద్దం లెక్క ఉంటే పూత అసలు పట్టుకోనే లేదు. నూనె గానీ సీలర్ గానీ ఉండొచ్చు. తెల్లటి పొడి, తేమ ఉంటే కింద నుంచి నీళ్లు. ఇగ రెండు పూతల మధ్యల ఊడితే కింద కోటు వేసినంక చానా సేపు ఆగి పై కోటు వేసిన్రు, లేకుంటే చల్లటి తేమ గాలిల ఎపాక్సీ మీద జిడ్డు పొర కట్టింది. ఆ జిడ్డు తుడవకుంట మీద వేస్తే నిలువదు.

మా దగ్గర పని ఒప్పచెప్పేముందు పుల్ ఆఫ్ టెస్ట్ చేస్తరు. పూత మీద గుండ్రటి బిళ్ల అంటించి మిషన్‌తో లాగుతరు. బిళ్లతోపాటు కాంక్రీట్ ముక్క ఊడి రావాలె. పూత ఒక్కటే వస్తే పని వాపస్. ఇంట్ల గరాజ్‌కు గంత అవసరం లేదు గని, గ్రైండింగ్ అయినంక మీరు ఒకసారి నీళ్లు చిలకరించి చూడుండ్రి. నీళ్లు గుంజుకుంటే సరే. ముత్యాల లెక్క నిలబడితే ఆడ ఇంకా సీలరో నూనెనో ఉన్నట్టు.

అత్తిలమ్మాయి

ఒక ముక్క ఉందండి, ఇప్పుడే తీసి చూశాను. కింద వైపంతా సన్నటి బూడిదరంగు పొర, వేలితో రాస్తే పిండిలా వస్తోంది. తెల్లగా లేదు, తడి లేదు.

పాశమైలారం_సైట్

అయితే తేమ కాదక్కా. గ్రైండింగ్ చెయ్యలే. ఫోటోలు తీసి, ఆ ముక్క జిప్ కవర్‌ల పెట్టుకోండ్రి, వాళ్లకు రాతపూర్వకంగ పంపుండ్రి.

కాంక్రీట్‌కబుర్లు

పాశమైలారం తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అత్తిలమ్మాయి గారూ, తేమ మినహాయింపు చూపించి వాళ్లు తప్పించుకోలేని ఆధారం మీ చేతిలో ఉంది.

శాన్‌హోసే_శ్రీకాకుళం (కాలిఫోర్నియా)

కాగితాల గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

కాలిఫోర్నియాలో ఇంటిపనికి అడ్వాన్స్ మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అంతకు మించి తీసుకోకూడదు. 1,000 డాలర్లు ఆపైన పనికి రాష్ట్ర లైసెన్స్ బోర్డు లైసెన్స్ ఉండాలి. 2025కి ముందు ఆ హద్దు 500 ఉండేది. నంబరు బోర్డు వెబ్‌సైట్‌లో కొడితే లైసెన్స్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. న్యూజెర్సీలో ఇంటిపని కాంట్రాక్టర్లు రాష్ట్రంలో రిజిస్టర్ అయి ఉండాలి, 500 డాలర్లు దాటిన పనికి కాంట్రాక్ట్ రాతపూర్వకంగా ఉండాలి. అత్తిలమ్మాయి గారు అక్కడి కన్స్యూమర్ అఫైర్స్ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు.

టెక్సస్‌లో ఇలాంటి ఫ్లోరింగ్ పనికి రాష్ట్ర లైసెన్సే లేదు. ‘మేం లైసెన్స్‌డ్’ అని కరపత్రంలో ఉంటే ఏ లైసెన్సో అడగండి. అక్కడ ప్రైవేట్ యజమానులకి వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలిన పనివాళ్లకి బీమా) కూడా తప్పనిసరి కాదు. అందుకే లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ వాళ్ల చేతినుంచి కాకుండా ఇన్సూరెన్స్ ఏజెంట్ నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కి పంపించమనండి. కంపెనీ పేరు, తేదీలు, మొత్తం చూసుకోండి.

‘ఈరోజే సంతకం’ అన్నవాళ్ల దగ్గర భయపడి పెట్టేసినవాళ్లకి: ఇంటికొచ్చి అమ్మేవాళ్ల విషయంలో ఎఫ్‌టీసీ (అమెరికా కేంద్ర వాణిజ్య కమిషన్) నిబంధన ఒకటి ఉంది. 25 డాలర్లు ఆపైన అయితే మూడో పనిదినం అర్ధరాత్రి దాకా రద్దు చేసుకోవచ్చు. శనివారం పనిదినంగానే లెక్క. మరమ్మతు కోసం మీరే పిలిపించుకున్న సందర్భాల లాంటి మినహాయింపులున్నాయి కాబట్టి ఆ ధైర్యంతో సంతకం పెట్టకండి.

ఎడారికోయిల (ఫీనిక్స్, అరిజోనా)

ఒకరోజు పాలీయూరియా గురించి అందరూ చెడుగా అనుకుంటున్నట్టుంది. మాది అదే. నాలుగో వేసవి నడుస్తోంది, ఎండ నేరుగా పడుతుంది, ఎక్కడా పసుపు రంగు తిరగలేదు, లేవలేదు. ఉదయం ఏడింటికి వచ్చి మూడు గంటలు గ్రైండింగే చేశారు. మర్నాడు కారు పెట్టుకున్నాం.

కాంక్రీట్‌కబుర్లు

ఎడారికోయిల గారూ, మీ నేల నిలబడటానికి కారణం ఆ మూడు గంటలు. నాకు పాలీయూరియా మీద పేచీ లేదు. సాధారణ ఎపాక్సీ ఎండ తగిలితే పసుపెక్కుతుంది, మీరు వాడిన రకం పై కోటు పసుపెక్కదు, అది నిజమైన లాభం. పాలీఆస్పార్టిక్ కూడా ఆ కుటుంబానిదే. తలుపు తెరిచి ఉంచే గరాజ్‌లో పై కోటు ఎపాక్సీ అయితే తలుపు నుంచి రెండు మూడు అడుగుల మేర రంగు తేడా వస్తుంది, కాబట్టి పై కోటు ఏమిటో రాయించుకోవాలి.

నా సందేహం బేస్ కోటు గురించి. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీకి గరుకు సందుల్లోకి దిగడానికి సమయం దొరుకుతుంది. చాలా వేగంగా గట్టిపడే పదార్థం వాడితే, అందులోనూ వేడి నేలమీద, ఆ వ్యవధి నిమిషాల్లో ఉంటుంది. అనుభవం ఉన్న జట్టు చేయగలదు. కొత్త జట్టు చేతిలో గీతలు, అతుకులు పడతాయి. ఫీనిక్స్‌లో తేమ తక్కువ. ఫ్రిస్కోలో తెల్లపొడి వస్తున్న స్లాబ్ మీద నేనైతే తేమని తట్టుకునే ఎపాక్సీ ప్రైమర్ మీదే వెళ్తాను.

ఎడారికోయిల

అది ఒప్పుకుంటాను. ఊరుని బట్టి పద్ధతి. కానీ జట్టు బాగుంటే ఒకరోజు పనిని కొట్టిపారేయకండి.

లెక్కలమాస్టారు (కేరీ, నార్త్ కరోలినా)

మందం ఎవరూ అడగట్లేదు. ఒక గ్యాలన్‌ని ఒక మిల్ మందంతో, అంటే అంగుళంలో వెయ్యో వంతు మందంతో పరిస్తే సుమారు 1,604 చదరపు అడుగులు వస్తుంది. 10 మిల్స్ కావాలంటే గ్యాలన్‌కి 160 చదరపు అడుగులే. 440 అడుగుల గరాజ్‌కి బేస్ కోటు ఒక్కటే 10 మిల్స్ వేయాలంటే రెండు ముప్పావు గ్యాలన్లు కావాలి. ఇది 100 శాతం సాలిడ్స్ ఎపాక్సీకి, అంటే ఏదీ ఆవిరైపోకుండా అంతా నేలమీదే మిగిలే రకానికి లెక్క. నీళ్లు కలిసిన రకం సుమారు సగం ఆవిరైపోతుంది, ఎండాక మందం కూడా సుమారు సగమే ఉంటుంది. కాంట్రాక్టర్‌ని ‘ఎన్ని గ్యాలన్లు తెస్తున్నారు, సాలిడ్స్ ఎంత శాతం’ అని అడిగితే మిగతా లెక్క మీరే వేసుకోవచ్చు.

ఫ్లేక్స్‌కి కూడా ఇలాగే. పావు అంగుళం ఫ్లేక్స్ నేల నిండా చల్లడానికి 40 పౌండ్ల పెట్టె సుమారు 300 చదరపు అడుగులకి సరిపోతుంది. మీ గరాజ్‌కి ఒక్క పెట్టెతో వస్తే అది నిండా చల్లడం కాదు.

కాకినాడ_కాజా (నేపర్‌విల్, ఇల్లినాయి)

పిండివంటల స్టవ్ అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా గరాజ్‌లో మూడేళ్లుగా దసరాకి, సంక్రాంతికి అరిసెలు, జంతికలు, చేగోడీలు అన్నీ ఆ నేలమీదే. నూనె చిందితే పేపర్ టవల్‌తో తుడిస్తే పోతుంది, పాత సిమెంటు నేలలా పీల్చుకోదు. కానీ వేడి మూకుడు నేలమీద దింపకండి. పూత వేడికి మెత్తబడి గుండ్రంగా మచ్చ పడుతుంది. పక్కన ఒక గచ్చు పలకో, చెక్కో పెట్టుకోండి. ఆవకాయ కలిపేటప్పుడు పసుపు, కారం నూనె పడితే వెంటనే తుడవాలి, లేదంటే లేతరంగు నేల మీద చాన్నాళ్లు కనపడుతుంది. మేం బూడిదరంగు, నలుపు, తెలుపు, కాస్త గోధుమరంగు కలిసిన ఫ్లేక్స్ వేయించాం. దుమ్ము, మరక అంతగా కనపడవు.

మన ఇళ్లల్లో చెప్పులు గరాజ్ గుమ్మం దగ్గరే విడుస్తాం, ఒట్టి కాళ్లతో నడుస్తాం. మంచు కరిగిన నీళ్లు, నూనె చుక్క, ఏదున్నా జారుతుంది. పై కోటులో జారకుండా ఉండే సన్న రేణువులు కలపమని అడగాలి, అడగకపోతే చాలామంది కలపరు. మరీ ముతకవి వేస్తే మాపింగ్ గుడ్డ పట్టుకుంటుంది, పెద్దవాళ్ల పాదాలకి గుచ్చుకుంటుంది. చిన్న చెక్కముక్క మీద రెండు రకాలూ వేసి తీసుకురమ్మని, కాలు పెట్టి చూసి, మా అమ్మ సరే అన్నదే వేయించాను.

గుంటూరుగ్రైండర్ (ఆస్టిన్, టెక్సస్)

దుమ్ము సంగతి మర్చిపోకండి. కాంక్రీట్ గ్రైండ్ చేస్తే వచ్చేది సిలికా దుమ్ము, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. నిర్మాణరంగంలో పనివాళ్లకి గాలిలో ఘనపు మీటరుకి 50 మైక్రోగ్రాములు మించకూడదని ఓషా (అమెరికా కార్మిక భద్రతా సంస్థ) 2016లో నిబంధన తెచ్చింది. గ్రైండర్‌కి హెపా (అతి సన్న దుమ్మునీ పట్టే ఫిల్టర్ ఉన్న) వాక్యూమ్ తగిలించి చేస్తారో లేదో అడగండి. వాక్యూమ్ లేని జట్టు వస్తే ఇంట్లోకి తలుపు సందుల నుంచి దుమ్ము వస్తుంది, పని చేసే కుర్రాళ్లు అంతకంటే ఎక్కువ పీలుస్తారు. మనం చవకగా చేయించుకున్న పని వాళ్ల ఊపిరితిత్తుల మీద పడకూడదు.

వాటర్ హీటర్ గ్యాస్‌దైతే పూతలు వేసే సమయంలో గ్యాస్ కట్టేయాలి. కొన్ని ప్రైమర్లలో మండే సాల్వెంట్ ఉంటుంది, హీటర్‌లో వెలుగుతూ ఉండే పైలట్ మంట ప్రమాదం.

కూకట్‌పల్లి_కొడుకు (సియాటిల్, వాషింగ్టన్)

కాస్త పక్కదారి. హైదరాబాద్‌లో అమ్మానాన్నల ఇంటికి కింద పార్కింగ్‌లో ఇలాంటి ఫ్లేక్ ఫ్లోరింగ్ వేయించాలనుకుంటున్నాను. ఇప్పుడున్నది పాత సిమెంటు గచ్చు, సగం టైల్స్. టైల్స్ మీదే వేసేస్తామని ఒకాయన చెప్పాడు. కింద నీళ్ల సంపు ఉంది. వేయించవచ్చా?

పాశమైలారం_సైట్

అన్నా, సంపు మీద ముందుగాల ఆలోచించుండ్రి. సంపు స్లాబ్‌కు కిందికెల్లి ఎప్పుడూ తేమనే. మూత చుట్టూ ఇంకా ఎక్కువ. అక్కడ మామూలు ఎపాక్సీ వేస్తే ఒక వానాకాలం కూడ ఆగదు. టైల్స్ మీద అంటే, తట్టి చూస్తే డొల్ల శబ్దం వచ్చే టైల్ ఒక్కటున్నా ఆడికెల్లి పగుల్తది. జాయింట్ల గీతలు పైకి కనపడతయి.

ఇంకొకటి, మన దిక్కు పార్కింగ్ రోజూ బోరు నీళ్లతో కడుగుతరు, ముందటి భాగం ఎండల ఉంటది, ర్యాంపు ఉంటది. తడిసిన ర్యాంపు మీద నున్నటి పూత పెద్దోళ్లకు ప్రమాదం. నా మాట అడిగితే ర్యాంపుకు, సంపు చుట్టూ గరుకు పార్కింగ్ టైల్స్ వేయించుండ్రి. ఫ్లేక్ కావాలంటే లోపల నీడన ఉన్న భాగానికి, టైల్స్ తీసేసి, గ్రైండ్ చేసి, తేమ మీటర్ పెట్టి చూసినంకనే. వానలు పడుతున్నప్పుడు మొదలుపెట్టకుండ్రి. నేల వేడి, గాలిల తేమ మంచుగ మారే ఉష్ణోగ్రత కన్న కనీసం 3 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలె, లేకుంటే కంటికి కనపడని నీటి పొర మీదనే పూత వేసినట్టు.

కూకట్‌పల్లి_కొడుకు

అర్థమైంది. టైల్స్ వైపే వెళ్తాం. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ర్యాంపు సంగతి నాకు తట్టలేదు. చాలా మేలు చేశారు.

రెండుకార్లగరాజ్

షీట్లు తీశాను. మధ్యలోది పొడిగా ఉంది. మూలలోది తీయగానే కింద కాంక్రీట్ నల్లటి చదరంలా కనపడింది, ప్లాస్టిక్ లోపలి వైపు సన్న చుక్కలు. ఫోటో ముగ్గురికీ పంపాను.

మొదటివాళ్లు ‘ఏం కాదు, ఎండిపోతుంది’ అన్నారు. మూడోవాళ్లు తమ పాలీయూరియా తేమని తట్టుకుంటుందన్నారు, అదే మాట వారంటీలో రాసివ్వమంటే కుదరదన్నారు. రెండోవాళ్లు మీటరు తీసుకుని వచ్చారు. గరాజ్ లోపల అరగంట, ఆ తర్వాత బయటికి వెళ్లి గోడ చుట్టూ తిరిగారు. ఆ మూలకి సరిగ్గా బయట పైకప్పు నీళ్ల గొట్టం దిగుతోంది, కింద మట్టి గోడవైపు వాలి ఉంది. వాన నీళ్లన్నీ స్లాబ్ అంచున నిలుస్తున్నాయి. ‘ముందు గొట్టం దూరం పెట్టించండి, మట్టి వాలు మార్చండి, నెలన్నర ఆగి మళ్లీ కొలుస్తాను, ఇప్పుడు అడ్వాన్స్ వద్దు’ అన్నాడాయన. పని పోగొట్టుకునే మాట అది. అక్కడే నేనూ మా ఆవిడా నిర్ణయించుకున్నాం.

కాంక్రీట్‌కబుర్లు

గోడ బయటకి వెళ్లి చూసిన కాంట్రాక్టర్‌ని వదులుకోకండి. కాంట్రాక్ట్‌లో ఏం రాయాలో ఆయనతో కూర్చుని రాయించండి: డైమండ్ గ్రైండింగ్ సీఎస్‌పీ 2 నుంచి 3, అంచులు చేతి గ్రైండర్‌తో, బీటలకి వాడే పదార్థం, తేమ కొలిచిన అంకెలు, ప్రతి కోటు తయారీదారు పేరు, ఉత్పత్తి పేరు, మందం, ఫ్లేక్స్ నేల నిండా, పై కోటు ఏమిటి, జారకుండా రేణువులు. వారంటీలో టైర్ల కింద లేవడం పేరుపెట్టి ఉండాలి. పూత ఎక్కడ ఆగుతుందో కూడా. తలుపు మూసి, రబ్బరు నేలని తాకేచోట బయటినుంచి గీత గీయించండి. పూత అంచు తలుపు కిందే ఆగాలి. బయటికి నాలుగు అంగుళాలు పొడిగిస్తే ఎండా వానా తిని అక్కడినుంచే లేవడం మొదలవుతుంది.

రెండుకార్లగరాజ్

పని పూర్తయింది. గొట్టం మార్చాక మూల ఎండింది, తెల్లపొడి మళ్లీ రాలేదు. అయినా ఆ వైపు తేమ ప్రైమర్ వేశారు, దానికి 450 అదనం, ముందే చెప్పి రాసుకున్నదే.

మొదటి రోజు సగం గ్రైండింగే. నేల లేతబూడిదరంగులోకి మారి, లోపలి ఇసుక రేణువులు కనపడ్డాయి. నీళ్లు చిలకరించి చూశాను. ఒకచోట, పాత నూనె మరక మీద, ముత్యాల్లా నిలబడ్డాయి. చూపించగానే అక్కడ మళ్లీ గ్రైండ్ చేశారు. రెండు భాగాల ఎపాక్సీ కలిపాక బకెట్‌లో అస్సలు ఉంచలేదు, మొత్తం నేలమీద పోసేసి పరిచారు. బకెట్‌లోనే వదిలేస్తే దానంతట అదే వేడెక్కి గట్టిపడిపోతుందట. మేకుల చెప్పులు వేసుకుని తడి పూతలో నడుస్తూ ఫ్లేక్స్ గుప్పిళ్లతో పైకి ఎగరేశారు, నేలకేసి కొట్టలేదు. పైనుంచి పడితే సమంగా పరుచుకుంటాయి. నేల ఇక పట్టుకోనన్నంత దాకా చల్లారు. మర్నాడు పొద్దున వెడల్పు బ్లేడుతో నిలువునా అడ్డంగా గీకి, లేచి నిలబడ్డ అంచులు తీసి, వాక్యూమ్ చేసి, పాలీఆస్పార్టిక్ వేశారు. గీకిన ఫ్లేక్స్ సంచీడు వచ్చాయి. ఒక డబ్బాలో కొన్ని ఉంచుకోమన్నారు, ఎక్కడైనా దెబ్బ తగిలితే మరమ్మతుకి రంగు కలుస్తుందని.

మొదటి రోజు పదిశాతం, గ్రైండింగ్ చూశాక సగం, మిగతాది పూర్తయ్యాక ఇచ్చాం. కారు ఐదు రోజులు బయటే పెట్టమన్నారు, పెట్టాం.

అత్తిలమ్మాయి

అభినందనలు! మాది కూడా కదిలింది. ముక్క ఫోటోలతో కన్స్యూమర్ అఫైర్స్‌కి ఫిర్యాదు రాసి వాళ్లకో కాపీ పంపాను. మళ్లీ చేస్తామంటున్నారు. ఒక సందేహం: ఉన్న పూత మీదే గరుకు చేసి కొత్తది వేస్తామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

కాంక్రీట్‌కబుర్లు

ఒప్పుకోకండి. మీ పాత పూత పట్టుకుని ఉన్నదే బలహీనమైన పొరని. దాని మీద ఎన్ని కోట్లు వేసినా కింద పట్టు మారదు. పూతలు తీయడానికి గ్రైండర్‌కి వేరే పళ్లుంటాయి, పీసీడీ అంటారు. వాటితో పూత మొత్తం గీకి, ఆ తర్వాత మామూలు డైమండ్లతో కాంక్రీట్‌ని సీఎస్‌పీ 2 లేదా 3కి తేవాలి. శ్రమ ఎక్కువ, అందుకే తప్పించుకోవాలని చూస్తున్నారు. ‘పాత పూత పూర్తిగా తొలగించి, కాంక్రీట్ కనపడ్డాక యజమాని చూసి ఒప్పుకున్న తర్వాతే ప్రైమర్’ అని రాయించండి. ఆ పూట మీరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి.

అత్తిలమ్మాయి

అలాగే. వచ్చే గురువారం వస్తున్నారు. సెలవు ఇప్పుడే పెట్టాను. అత్తగారు కూడా కుర్చీ వేసుకుని కూర్చుంటానంటున్నారు.